ఐదో టైరు

పెద్ద టైర్లు వేసినందుకే జీపు విరిగిందని మా ఊరంతా చెప్పుకుంటుంది. చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ చెప్పుకుంటారు. ఉదయగిరి బస్సులో సీటు దొరికితే కూర్చుని చెప్పుకుంటారు, దొరక్కపోతే నిలబడి చెప్పుకుంటారు. మమ్మల్ని చూసిపోదామని ఆత్మకూరు వచ్చినవాళ్లయితే మా అద్దె గదిలో నేనిచ్చిన టీ తాగుతూ నా మొహం మీదే అంటారు: "చదువుకున్నదానివి, నీకు చెప్పేంత వాళ్లం గాము. కానీ కంపెనీవాడు ఏసిచ్చిన టైర్లు ఉండంగా ఆ దున్నపోతు టైర్లు ఎందుకమ్మా? పంతం గాకపోతే?"

పంతమే. ఆ పంతం లేకపోతే మా ఆయన టైర్లు మార్చిన ఏడాది వానల్లోనే పోయుండేవాడు, వీళ్లే వచ్చి పాటలు పాడి, పూడ్చి, భోజనం చేసి పోయుండేవాళ్లు. పంతం వరకు నిజం. మిగతాదంతా అబద్ధం. జీపును వాగు దాటించింది పెద్ద టైర్లు. విరగ్గొట్టింది చిన్న టైరు. ఈ మాట ఇన్నాళ్లూ నేను ఎవరికీ చెప్పలేదు. నోరు లేక కాదు, నాకు నోరు లేదని మా జిల్లాలో ఎవరూ అనరు. చెప్తే, ఆ చిన్న టైరు అక్కడికి ఎట్ట వచ్చిందని అడుగుతారు. అప్పుడు నా మొగుణ్ణి బజారులో నిలబెట్టాలి. అందుకని నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు ఎంత కష్టమో ఆయనకు తెలుసు. అది చూసి ఆయనకు లోపల్లోపల నవ్వు కూడా వస్తుందేమో.

మాది ఉదయగిరి కొండల కింద, వాగుకు ఇవతలి ఊరు. వాగు మీద చప్టా ఉండేది. ఒక తుపానుకు సగం కొట్టుకుపోయింది, మిగిలిన సగం ఇనపచువ్వలు బయటపెట్టుకుని వాగు నడుమ కూర్చుని ఉంది. ఎండాకాలం దాని నీడన మేకలు పడుకుంటాయి. వానలొస్తే అంబులెన్సు అవతలి గట్టు దాకా వచ్చి ఆగిపోతుంది. జబ్బు మనిషిని ఇవతల నుంచి మంచం మీద మోసుకుపోవాలి. మా ఊరివాళ్లు మోస్తారు, కాదనను. ఒకసారి మోస్తారు. రెండుసార్లు మోస్తారు. వారానికి మూడుసార్లు, బతికినన్నాళ్లూ ఎవరు మోస్తారు?

మా ఆయనకు వారానికి మూడుసార్లు ఆత్మకూరులో రక్తం కడిగించాలి. డయాలసిస్. ఆ మాట మా వైపు ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు, కిడ్నీలను తినేసే నీళ్లు మావి.

జీపు ఆయనదే. ఫోర్ వీల్, లివరు వేస్తే నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పుతుంది. పెళ్లికి ముందు నుంచీ ఉంది, నాకంటే ముందు కాపురానికొచ్చిన సవతి అని ఎత్తిపొడిచేదాన్ని. ఊర్లో పెళ్లిళ్లకు అదే. సంతకు పొట్టేళ్లను తోలాలన్నా అదే. ఉదయగిరిలో గరిటెలు చెక్కేవాళ్లకు కొయ్య దించాలన్నా అదే. ఎవరన్నా పోతే సమాధుల దొడ్డికి పెట్టె మోసేదీ అదే. అందుకే ఆ జీపు గురించి మాట్లాడే హక్కు ఊరందరికీ పుట్టుకతో వచ్చిందనుకుంటారు. ఆయన ఇరవై ఏళ్లకు పైగా దాని మీదే బతికాడు. నట్టు ఒక మర తక్కువ తిప్పితే తమ్ముణ్ణి నలుగురిలో తిట్టేవాడు. చక్రం నుంచి చిన్న శబ్దం వస్తే అన్నం మధ్యలో లేచి పోయేవాడు.

జబ్బు పడ్డాక ఒకరోజు దుత్తలూరు రోడ్డు మీద, క్లచ్చు తొక్కితే కాలు వణుకుతోందని బండి పక్కకు తీసి తాళం నా ఒళ్లో పడేశాడు.

"తోలు."

"నాకు రాదయ్యా."

"నోరు తోలతావే, అంతకంటే తేలిక మే."

అట్ట నేర్చుకున్నాను. బీయస్సీ చదివి, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పి, నలభై దాటాక డ్రైవరునయ్యాను.

మొదటి వానాకాలం పాత టైర్లతోనే వాగులో దించాను. నడుమకు పోయేసరికి నీళ్లు ఇంజను ఫ్యాను దాకా వచ్చాయి, ఇంజను దగ్గి ఆగిపోయింది. ఎంత తాళం తిప్పినా లేవలేదు. కాళ్ల కిందకు నీళ్లు వచ్చాయి. ఆయన పాదాలు అప్పటికే కుండల్లా ఉబ్బి ఉన్నాయి. రోజంతటికీ తాగడానికి చిన్న గ్లాసుడు నీళ్లే అని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఒంటి నిండా నీళ్లు, చుట్టూ నీళ్లు, నోట్లో మాత్రం ఎండ. ఆయన వంగి ఆ బురదనీళ్ల వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. నాలుక బయటపెట్టి పెదాలు తడుపుకున్నాడు. "అటు చూడబాక," అని అరిచాను. వేరే మాట ఏం అనాలో తోచలేదు. గట్టు మీద ఉన్నవాళ్లు మోకులు కట్టి మమ్మల్ని వెనక్కే లాగారు, ముందుకు కాదు. ఆ పూట డయాలసిస్ పోయింది. తర్వాతి పూట దాకా ఆయన పడుకోలేదు, పడుకుంటే ఊపిరి అందదు. గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కొక్క ఊపిరినీ బావిలోంచి తోడినట్టు తోడుకున్నాడు. నేను ఎదురుగా కూర్చుని చూశాను. చూడ్డం తప్ప నా చదువు దేనికీ పనికిరాలేదు.

ఆత్మకూరులో ఇల్లు తీసుకుందామంటే ఒప్పుకోలేదు. "నన్ను ఈడ పుట్టించినాడు దేవుడు. ఆస్పత్రి ఎనకాల సందులో చావమని గాదు." వాగు కదలదు, మొగుడు కదలడు. ఇంక జీపే లేవాలి.

ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చి పంచలో టైర్ల ఆరాధన మొదలైంది. మా దగ్గర అంతే. పిల్లకు పేరు పెట్టాలన్నా, బోరు ఎక్కడ వేయాలన్నా, అయ్యగారు ఆశీర్వాదం చెప్పి లోపలికి పోయాక పంచలోనే తేలాలి. బైబిలు చంకలో పెట్టుకుని అందరూ జీపు చుట్టూ చేరారు.

"వెడల్పు టైర్లు ఏపించమ్మా, ఇసకలో దిగబడవు," అన్నాడు ఒక పెద్దాయన.

"వెడల్పుదైతే నీళ్లలో తేలతాది మామా. జీపు పడవ మాదిరి సోమశిల దాకా పోతాది," అన్నాడు మా మరిది.

"పోతే పోనీరా, ఆడ చేపలు దొరకతాయి."

"ట్రాక్టరు ముందు టైర్లు పడతాయేమో చూడండి."

"ఎత్తు పెరిగితే తిరగబడతాది. ఆడమనిషి చేతిలో బండి, అసలే."

నేను ఆగలేకపోయాను. "ఆడమనిషి చేతిలో ఉండబట్టే ఇంకా తిరగబడలేదు. టైరు జానెడు పెద్దదైతే జీపు లేచేది బెత్తెడే, మిగతా సగం ఇరుసుకు పైనే పోతాది. ఆ మాత్రం లెక్క తెలీనోళ్లు పక్కకు జరగండి. నాకు కావలసింది వెడల్పు కాదు, ఎత్తు. ఫ్యాను నీళ్లకు అందకూడదు. చక్రం నీళ్లను కోసుకుని అడుగున రాయిని పట్టుకోవాల."

ఆయన చర్చి బెంచీ మీద తెల్లచొక్కాలో కూర్చుని అన్నీ వింటున్నాడు. నన్ను కాదు, వాళ్లను చూసి అన్నాడు: "ఎందుకురా గొంతులు చించుకుంటారు? బండి ఆమెది. నేను సామాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

ఆత్మకూరు టైర్ల అంగడాయన కళ్లజోడు నుదుటి మీదకి ఎత్తిపెట్టుకుని ఉండే మనిషి. నేను అడిగిన ప్రతిదానికీ మా ఆయనకు జవాబు చెప్పేవాడు.

"ఇట్ట తిరుగు. నాతో మాట్లాడయ్యా. తోలేది నేను."

"అదే మేడం, సార్‌కు తెలుస్తాదని... అంత పెద్దవి ఏస్తే గేరు బరువెక్కతాది. బ్రేకు వెంటనే పట్టదు. స్పీడు మీటరు తప్పు చూపిస్తాది."

"నేను పందేలకు పోవడం లేదు. మీటరు తప్పు చూపించినా ఆస్పత్రి ఉన్నచోటే ఉంటుంది."

"స్టీరింగు మొత్తం తిప్పితే మడ్‌గార్డుకు రుద్దుకుంటాది."

"మడ్‌గార్డు కోయించు."

అంగడాయన నోరు తెరిచాడు. "రవిక చెయ్యి కోసినంత తేలిగ్గా చెప్తుండారే!"

"మడ్‌గార్డు లేకపోయినా జీపు నడుస్తాది. ఈ మనిషి లేకపోతే నాకు జీపెందుకు?"

మా ఆయన తల పక్కకు తిప్పుకుని రోడ్డు మీద పోయే లారీని చూశాడు. అంతకంటే ఒక సైజు తక్కువది చూపించాడు అంగడాయన. జీపుకు నొప్పి తక్కువ, మడ్‌గార్డు అంచు మడిస్తే చాలన్నాడు. నేను వాగులో నాటిన కట్టె గుర్తుకు తెచ్చుకున్నాను. నీళ్లు పెరిగిన రోజు తడి ఎక్కడి దాకా వచ్చిందో దాని మీద గీత పెట్టి ఉన్నాను. ఆ గీతకు చిన్న సైజు చాలదు. పెద్దదే కావాలన్నాను. ఎత్తువి, మరీ వెడల్పు లేనివి, అంచుల్లో లోతైన గాడులు ఉన్నవి. పక్కగోడను వేలితో నొక్కి, గోటితో గీకి, వాసన చూసి మరీ ఎంచుకున్నాను. కొత్త చీర కొనేటప్పుడు కూడా అంత చూడలేదు.

పని మొదలయ్యాక నేను రోడ్డుకు అవతల మందుల అంగడికి పోయాను. తిరిగొచ్చేసరికి జీపు కొత్త కాళ్ల మీద నిలబడి ఉంది. నిజం చెప్తున్నాను, నా కళ్లలో నీళ్లొచ్చాయి. వెనక తలుపుకు మాత్రం పాత స్టెప్నీ అట్టనే వేలాడుతోంది, ఏనుగు వెనక కట్టేసిన మేకపిల్ల మాదిరి.

"ఐదోది?" అన్నాను.

"సార్ నాలుగు చాలన్నారు మేడం."

ఆయన వైపు చూశాను. అప్పటికే ఆయాసంగా ఉన్నాడు. "ఎనకాల పట్టదు మే. తలుపు తెరుచుకోదు. నాలుగు చాల్లే." పడమటి వైపు మబ్బు కమ్ముకొస్తోంది. వాగు నా బుర్రలో మోగుతోంది. స్టెప్నీ అనేది ఎప్పుడో ఒకనాటికి గదా అనుకున్నాను. ఫోర్ వీల్ బండికి ఐదోది కూడా అదే సైజు ఎందుకుండాలో నాకు అప్పుడు తెలియదు. నాకు తెలియదు. ఈ మాట గుర్తుంచుకోండి.

జీపు లేచింది, ఆయన మాత్రం లేవలేకపోయాడు. నేను వాగును కొలిచాను గానీ ఆయన మోకాలిని కొలవలేదు. మొదటి రోజే కాలు పైకి అందక నన్ను పట్టుకుని నిలబడిపోయాడు. "ఇంగ నిచ్చెన ఒకటి కొను," అన్నాడు. సండేస్కూలు పిల్లలు కూర్చునే చిన్న బెంచీ ఒకటి చర్చిలోంచి తెచ్చుకున్నాం. అయ్యగారు బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ప్రార్థన మధ్యలో మా మరిది నాలుగు నిమ్మకాయలు టైర్ల కిందకు దొర్లించాడు. అయ్యగారు కళ్లు తెరిచి చూసి, మళ్లీ మూసుకుని, ప్రార్థన ఇంకొంచెం పొడిగించారు.

ఆ వానలకు ఆ టైర్లు ఏం చేశాయో ఎవరూ చెప్పరు. అది కూడా చెప్పాలి గదా? జనం గట్టు మీద గొడుగులేసుకుని నిలబడి చూస్తుంటే, ఫోర్ వీల్ లివరు వేసి, చిన్న గేరులో, కాలు ఎత్తకుండా దించాను. నీళ్లు తలుపు అంచు దాకా వచ్చాయి. చక్రాలు అడుగున రాళ్లను ఒక్కొక్కటే వెతుక్కుని పట్టుకుని ఎక్కాయి. అవతలి గట్టు ఎక్కగానే నేను కేక పెట్టాను, పేరు పెట్టి దేవుణ్ణి పిలిచినట్టు. ఆయన సీటు అంచు పట్టుకుని, "అరవబాక, బండి బెదరతాది," అన్నాడు. అట్ట ఎన్నోసార్లు దాటాం. కాన్పు నొప్పుల మనిషిని దాటించాను. పాము కరిచిన ముసలాయన్ను దాటించాను. ఇప్పుడు నన్ను తప్పు పట్టే నోళ్లలో సగం ఆ జీపెక్కి వాగు దాటిన నోళ్లే.

ఆ రోజు కూడా దాటాం. ఆ సంగతి కూడా అందరూ మింగేస్తారు. వాగు దాటాం.

ముందు రోజంతా వాన. దానికి ముందు పూట డయాలసిస్ కరెంటు పోయి సగంలో ఆపారు కాబట్టి ఆయన ఒంట్లో నీళ్లు అప్పటికే ఎక్కువగా ఉన్నాయి. మాట మాటకీ మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడు. మరిది నెల్లూరులో ఉన్నాడు. ఇద్దరమే బయల్దేరాం. వాగు నడుమ నీళ్లు జీపును కొంచెం పక్కకు నెట్టాయి. ముందు ఎడమ చక్రం విరిగిన చప్టాకు తగిలింది. దాని ఇనపచువ్వ ఒకటి టైరు పక్కగోడను చీల్చింది. చప్పుడు వినిపించలేదు, చేతుల్లో స్టీరింగు బరువెక్కింది. అయినా పెద్ద టైరు గదా, చీలిపోయి కూడా మమ్మల్ని ఈడ్చుకుంటూ గట్టు ఎక్కించింది. చచ్చిపోతూ కూడా పని చేసిన టైరు అది. దాన్ని తిడితే నాకు ఒళ్లు మండుతుంది.

గట్టు మీద బురదలో జాకీ దిగబడిపోయింది. కింద సండేస్కూలు బెంచీ పెట్టాను. బెంచీ విరిగింది గానీ జీపు లేచింది. నట్లు విప్పాను. పెద్ద టైరు తీసి పక్కకు దొర్లించాను. పాత స్టెప్నీ దించి తగిలించాను. చేతులు చెక్కుకుపోయాయి. ఆయన ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. చక్రం ఆయన కాళ్ల దగ్గరే. తల కొంచెం వంచితే నేను ఏం చేస్తున్నానో కనిపిస్తుంది. తల వంచి చూశాడు కూడా. ఏమీ అనలేదు. ఇంకా బురద ఉందని ఫోర్ వీల్ లివరు అట్టనే ఉంచి తోలాను. ఏమీ అనలేదు. తారు రోడ్డు ఎక్కాక, తీద్దామని లివరు లాగాను, రాలేదు. రెండు చేతులతో లాగాను. కొరికి పట్టుకున్నట్టు ఉంది.

"ఏందయ్యా ఇది, రావడం లేదే?"

ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. "ఇంటికి పోదాం పా మే," అన్నాడు.

"నీకు మతి ఉండాదా? మళ్లీ వాగులోకా?"

అట్టనే తోలాను. ఏం చేయను? పక్కన మనిషికి ఊపిరాడటం లేదు. జీపు తారు మీద ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు నడిచింది. కొంతదూరం పోయాక కింద పెద్ద శబ్దం. ఇనుము విరిగిన శబ్దం చెవిలో కాదు, పళ్లలో వినిపిస్తుంది. జీపు నిలబడిపోయింది. ముందు పక్క ఒక కాలు పొట్టిదై, ఒరిగి.

ఫోను ఎత్తితే సిగ్నలు లేదు. వాన. రోడ్డు మీద ఎవరూ లేరు. నేను రోడ్డు నడుమ చేతులు చాపి నిలబడ్డాను. గొర్రెల్ని సంతకు తోలుకుపోయే చిన్న వ్యాను ఒకటి ఆగింది. ముందర డ్రైవరు పక్కన ఇంకొకాయన గొంగళి కప్పుకుని వెచ్చగా కూర్చుని ఉన్నాడు.

"ఎనకాల జీవాలతో సర్దుకుంటారా అక్కా?"

"నేను సర్దుకుంటా. ఈయన ముందర కూర్చోవాల. ఏమయ్యా గొంగళీ, నీకు కాళ్లు లేవా? దిగు!"

"వాన గదక్కా..."

"గొర్రెలు తడవడం లేదా? వాటికంటే గొప్పోడివా? దిగుతావా, దించమంటావా?"

దిగాడు, పాపం. తర్వాత దారి పొడుగునా వెనకాల నాకు తన గొంగళి సగం కప్పాడు. నేను తడి గొర్రెల మధ్య నిలబడి, క్యాబిను వెనక అద్దంలోంచి కనిపించే ఆయన తల వెనక భాగాన్ని చూస్తూ పోయాను. తల వాలిందా, లేచిందా. వాలిందా, లేచిందా. ఆత్మకూరు దాకా నేను చేసిన ప్రార్థన అదే, దానికి వేరే మాటలు లేవు.

ఆస్పత్రికి చేరేసరికి ఆయన వంతు దాటిపోయింది, మిషను మీద వేరే మనిషి ఉన్నాడు. వాళ్ల తప్పు లేదు. ఆక్సిజన్ పెట్టి, ఆ మనిషిది కాగానే ఈయన్ను ఎక్కించారు. నా ఒంటి మీద గొర్రెల కంపుకు పక్కనున్న ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నేను పట్టించుకోలేదు. ఆయన బతికాడు. కానీ గుండె ఆ రోజు దెబ్బతినింది. ఇంక అంత దూరం తిప్పొద్దన్నారు. ఆయన ఏ సందులో చావనన్నాడో ఆ సందులోనే గది తీసుకున్నాం. ఇప్పుడు మంచం మీంచి కిటికీ దాకా నా చెయ్యి పట్టుకుని నడుస్తాడు. అక్కడి నుంచి కనిపించేది పక్కింటి నీళ్ల ట్యాంకు. అది నిండి పొర్లినప్పుడు ఆయన దాని వైపే చూస్తాడు.

జీపును మరిది ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకుపోయి చర్చి గోడ పక్కన నిలబెట్టాడు. ఒరిగిన జీపు దగ్గర నిలబడి, ఆ చిన్న చక్రాన్ని చూసి, వాడు నాతో అన్న మాట ఇది:

"వదినా, అన్న దీన్ని ఏయనిచ్చినాడా? ముందర?"

"ఎందుకు?"

"ఫోర్ వీల్ గదా! ముందరా ఎనకా ఒక కాడికి కట్టినట్టు తిరగాల. ఒకటి చిన్నదైతే ఇసకలో జారి సర్దుకుంటాది, తారు మీద ఎట్ట సర్దుకుంటాది? లోపల మెలిపడి ఇరగతాది. నేను ఒకసారి అరిగిన టైరొకటి ముందర ఏసి, లివరు ఏసి తోలితే, అన్న సంతలో అందరి ముందరా నన్ను చెప్పు తీసుకుని కొట్టబోయినాడు. 'ఒక కాడికి ఎద్దునూ దూడనూ కడతావా రా' అని. అన్నకు తెలీకపోవడమేంది?"

వాడు అనేసి, నా మొహం చూసి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఊర్లో కూడా అనలేదు. వాడు మంచివాడు.

ఆయన్ను అడిగాను. అన్నం పెడుతూ అడిగాను, మందులిస్తూ అడిగాను, డయాలసిస్‌కు ఆటో కోసం నిలబడి అడిగాను. ఒకసారి, "మర్చిపోయినా," అన్నాడు. నట్టు మర మర్చిపోని మనిషి. ఒకసారి, "ఆయాసంగా ఉన్నింది, మాట రాలా," అన్నాడు. ఇంటికి పోదాం అనడానికి మాట వచ్చింది గదా? ఇంకోసారి, "చెప్తే వినేదానివా నువ్వు?" అని నవ్వాడు. దానికి నేను ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. ఎందుకంటే వినేదాన్ని. పోట్లాడేదాన్ని, ఆనక వినేదాన్ని. లివరు ఎప్పుడు తీయాలో చెప్పుంటే గట్టు మీదే తీసేసి, బురదలో ఇరుక్కుంటే ఇరుక్కుని, నా వీపు పెట్టి తోసేదాన్ని. ఆయన్ను వీపున మోసుకుని తారు రోడ్డు ఎక్కించేదాన్ని. ఆ సంగతి ఆయనకు తెలుసు. నా సంగతి ఆయనకంటే ఎవరికి తెలుసు?

మొన్న ఊరికి పోతే చర్చి గోడ పక్కన పిల్లలు జీపెక్కి ఆడుకుంటున్నారు. మూడు పెద్ద కాళ్లు, ఒకటి పొట్టిది. ఒరిగిన పక్క కూర్చున్న పిల్ల జారిపోతుంటే, ఎత్తున ఉన్నవాళ్లు చేతులు పట్టుకుని లాగుతున్నారు. పంచలో ఒకామె అంటోంది, నాకు వినపడేటట్టే: "పెద్ద టైర్లు ఏసింది గదా, చూడండి బండి గతి." నేను తిరిగి నోరు తెరిచాను. మూసుకున్నాను. బస్సెక్కి వచ్చేశాను.

ఇది రాస్తుంటే ఆయన పక్కన పడుకుని ఉన్నాడు, కళ్లు మూసుకుని, నిద్రపోకుండా. నిద్రపోతే ఊపిరి వేరే తీరుగా ఉంటుంది, నాకు తెలుసు. ఊరంతా నన్ను అనుకోనీ, ఆ మాటలు నేను మోస్తాను. పెద్ద టైర్లు ఎంచుకున్నది నేనే. అవి నిన్ను వాగు దాటించాయి, మళ్లీ అవసరమైతే మళ్లీ అవే ఎంచుకుంటాను. కానీ ఐదోది వద్దన్నది నువ్వు. గట్టు మీద తల వంచి చూసి, ఏమీ అనకుండా తల ఎత్తుకున్నది నువ్వు. చెప్పయ్యా, నేను ఆ చిన్న చక్రం బిగిస్తుంటే నిజంగా నీకు తట్టలేదా, లేక అన్నీ తెలిసే, ఈ బతుకు ఇంక చాలనుకుని ఊరుకున్నావా?